చర్చిలో సాయంత్రం ట్యూషన్: హైస్కూల్ పిల్లలతో యూత్ ఎలా పనిచేయాలి?

పేట_యూత్ (గుంటూరు)

అందరికీ వందనాలు. మాది గుంటూరు ఊరి చివర కాలనీలో ఒక చిన్న సంఘం. కిందటి జూన్ నుంచి మా యూత్ తరఫున ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలకు సాయంత్రం పూట చర్చి హాల్లో ట్యూషన్ చెబుతున్నాం. ఫీజు లేదు. నాన్నలు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు. అమ్మలు ఇళ్ళల్లో పనికి వెళ్తారు, సీజన్ వస్తే మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తారు. పిల్లలంతా గవర్నమెంటు హైస్కూలే. సగం మంది మా సంఘం వాళ్ళు, మిగతా సగం కాదు.

ఇప్పుడు మూడు చోట్ల ఇబ్బంది పడుతున్నాం. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి మొదలుపెడితే భిన్నాల దగ్గరే ఆగిపోతున్నారు. చెప్పడానికి వచ్చే యూత్ డిగ్రీ పరీక్షలో, ఉద్యోగమో రాగానే మానేస్తున్నారు. వాళ్ళ వెనకే పిల్లలూ రావడం తగ్గించేస్తున్నారు. ఇంకోటి పెద్దది. ట్యూషన్‌కు వచ్చే ప్రతి పిల్లవాడూ ఆదివారం ఆరాధనకు కూడా రావాలని నియమం పెట్టమని సంఘ పెద్దల్లో ఇద్దరు ముగ్గురు గట్టిగా అంటున్నారు. నాకైతే మనసు ఒప్పుకోవడం లేదు. కానీ వాళ్ళకు గౌరవంగా ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళు సలహా ఇవ్వండి.

లెక్కల_మాస్టారు (తెనాలి)

బాబూ, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. మిగతావి పెద్దలు చెప్పాలి.

ముందు పాఠ్యపుస్తకం మూసేయండి. ఒక్కొక్క పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నోటితోనే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏడో ఎక్కం అడగండి. 432ని 6తో భాగించమనండి. మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా అని అడగండి. మైనస్ ఏడుకు మూడు కలిపితే ఎంత అని అడగండి. చివరి ప్రశ్నకు మైనస్ పది అని చెప్పే పిల్లలు పదో తరగతిలో ఎంతమంది ఉంటారో చూస్తే మీకే విషయం తెలుస్తుంది. మైనస్ గుర్తు దగ్గర తడబడే పిల్లవాడికి వర్గ సమీకరణాలు ఎన్నిసార్లు చెప్పినా బట్టీ పడతాడు, పరీక్షలో అంకె మారితే వదిలేస్తాడు. మీ దగ్గర భిన్నాల దగ్గర ఆగిపోవడానికి కారణం వాళ్ళ తెలివి కాదు. అయిదు, ఆరు తరగతుల్లో ఎక్కడో బడి తప్పింది. అమ్మానాన్నలతో వలస వెళ్ళి ఉంటారు, జబ్బు పడి ఉంటారు, ఆ ఏడాది టీచరు పోస్టు ఖాళీగా ఉండి ఉంటుంది. తరగతులు మాత్రం మారిపోయాయి.

ఎనిమిది, తొమ్మిది పిల్లలకు ఈ ఏడాది మొత్తం పునాదికే కేటాయించండి. రోజూ ఇరవై నిమిషాలు ఎక్కాలు, భాగాహారం, భిన్నాలు, రుణ సంఖ్యలు. ఏం ఫరవాలేదు, బడి పాఠం కొంచెం వెనకబడనివ్వండి. పదో తరగతి వాళ్ళకు అంత టైము లేదు కాబట్టి వేరే దారి. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, శ్రేఢులు ముందు పట్టుకోండి. వీటిలో ఎక్కువగా కూడికలు, గుణకారాలు, భాగాహారాలు, తేలిక భిన్నాలే ఉంటాయి, మార్కులు దక్కుతాయి. అక్కడ పది మార్కులు వచ్చిన పిల్లవాడికి ధైర్యం వస్తుంది. ఆ తర్వాత తనే త్రికోణమితి అడుగుతాడు. వెనకబడినవాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టి "స్లో బ్యాచ్" అని పేరు మాత్రం పెట్టకండి. ఆ పేరు బడిలో ఎలాగూ విన్నారు.

మన ఆంధ్రలో పది పాస్ కావాలంటే సబ్జెక్టుకు 35 రావాలి, హిందీకి మాత్రం 20 చాలు. ఈ సంగతి తెలియక హిందీకి భయపడి బడి మానేసిన పిల్లలను చూశాను. మార్చిలో ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా మే నెలలో సప్లిమెంటరీ రాసి ఆ ఏడాదే ఇంటర్‌లో చేరవచ్చు. ఫలితాలు వచ్చిన రోజు మీ యూత్ ఇంటికి వెళ్ళి చెప్పాల్సిన మొదటి మాట ఇదే. ఆ ఒక్క రోజు పిల్లలను ఒంటరిగా వదలకండి.

ఎనిమిదో తరగతి వాళ్ళ చేత ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 లోపు ఉన్న, గవర్నమెంటు, ఎయిడెడ్ బడుల పిల్లలకు అది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 వస్తుంది. మేధా సామర్థ్యం మీద 90 ప్రశ్నలు, చదువు మీద 90 ప్రశ్నలు ఉంటాయి. మేధా సామర్థ్యం ప్రశ్నలు అలవాటు లేకే పిల్లలు వెనకబడతారు. రెండు నెలలు సాధన చేయిస్తే తేడా కనబడుతుంది.

డిగ్రీ_సెకండియర్ (విజయవాడ)

మాస్టారూ, నాకు లెక్కలు రావు. బి.ఏ. చదువుతున్నాను. మా చర్చిలో కూడా ట్యూషన్ మొదలుపెడుతున్నారు. నాలాంటివాళ్ళు ఏం చేయగలరు?

లెక్కల_మాస్టారు (తెనాలి)

అమ్మా, చాలా చేయగలవు. పక్కన కూర్చుని తెలుగు, సోషల్ పాఠాలు గట్టిగా చదివించు. పదో తరగతి పిల్లలకు కూడా ఒత్తులు, సంయుక్తాక్షరాలు తడబడతాయి. సైన్స్ పాఠం ఇంగ్లీషులో బట్టీ పడుతున్న పిల్లల చేత అదే పాఠం తెలుగులో చదివించు. బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, అందుకే ఇచ్చారు. అర్థమైంది తన మాటల్లో నీకు చెప్పమను. వినేవాళ్ళు లేకే చాలామంది పిల్లలు చదివింది మర్చిపోతారు.

సంఘ_పెద్ద (బాపట్ల)

ప్రభువు నామములో వందనాలు. పేట_యూత్ తమ్ముడు రాసిన పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. మేము పిల్లల మీద ఒత్తిడి పెట్టాలని కాదు. హాలు సంఘానిది, కరెంటు బిల్లు విధవరాండ్రు వేసిన కానుకలతో కడుతున్నాం. అందరికీ చదువు చెప్పి, ఆ పిల్లల ఆత్మల గురించి ఒక్క మాట మాట్లాడకపోతే అది పరిచర్య ఎలా అవుతుంది? ట్యూషన్ సెంటర్లు ఊళ్ళో చాలా ఉన్నాయి. మా తాతగారు మిషన్ బడిలో అక్షరాలు దిద్దారు. ఆ దొరలు వాక్యం చెప్పకుండా చదువు చెప్పలేదు. నా బాధ ఇదే.

ఒంగోలు_అక్క

అయ్యగారూ, మీ బాధ నిజమైనదే. మా ఇంట్లో కూడా నాలుగు తరాలుగా మిషన్ చదువే మా బతుకు మార్చింది. అందుకే మా ఒంగోలు చరిత్ర నుంచే ఒక సంగతి చెబుతాను.

1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. కరువులో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. వేలమంది అక్కడ పనిచేసి బతికారు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని, వాళ్ళ మనసు వాళ్ళకే తేటపడాలని కరువు పని నడిచినంత కాలం ఆపేశారు. ఆ సాయం అంతా ముగిశాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మన సభల్లో అందరూ చెబుతారు. దానికి ముందు ఆయన ఎందుకు ఆగారో మాత్రం ఎవరూ చెప్పరు. కడుపు నిండే చోటును, విశ్వాసాన్ని ఆయన విడిగా ఉంచారు.

ఈ రోజు మన కాలనీల్లో పదో తరగతి పాస్ కావడం కూడా అలాంటి అవసరమే. ఆదివారం వస్తేనే ట్యూషన్ అంటే పిల్లలు వస్తారు, చేతులెత్తి పాడతారు కూడా. వాళ్ళకు పద్నాలుగేళ్ళు. పెద్దవాళ్ళు ఏం చూడాలనుకుంటున్నారో కనిపెట్టి అది చేయడం వాళ్ళకు బాగా వచ్చు. అది విశ్వాసం అవుతుందా అయ్యగారూ? ఇంట్లో వేరే దేవుణ్ణి పూజించే అమ్మకు ఆ పిల్ల అబద్ధం చెప్పి రావాల్సి వస్తే, ఆ అబద్ధం మనం నేర్పినట్టు కాదా?

మేం చేసేది ఇది. ట్యూషన్ అయిపోయాక పది నిమిషాలు ప్రార్థన ఉంటుంది. ఉండాలనుకున్నవాళ్ళు ఉంటారు, వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్తారు. వెళ్ళినవాళ్ళ పేరు ఎవరూ రాసుకోరు. ఇది చర్చి వాళ్ళు నడిపేదని, చివర ప్రార్థన ఉంటుందని, అది తప్పనిసరి కాదని అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులకు స్పష్టంగా చెబుతాం. దాచేదేమీ లేదు. మా నమ్మకం గురించి పిల్లలు అడిగితే సంతోషంగా చెబుతాం, చాలామంది అడుగుతారు కూడా. మీరు లెక్క నేర్పుతూ కోప్పడకుండా మూడోసారి చెప్పినప్పుడు వాళ్ళు మీ గురించి ఏదో ఒకటి అనుకుంటారు కదా.

ఇక పిల్లలు మానేయడం గురించి. పేట_యూత్ తమ్ముడూ, పది మంది టీచర్లు వంతులవారీగా వచ్చే పద్ధతి ఉంటే మార్చు. ఒక్కో అక్కకో అన్నకో ముగ్గురు పిల్లలు, అంతకు మించి వద్దు. వాళ్ళ ముగ్గురి హాజరు, మార్కులు, ఇంటి సంగతులు అన్నీ ఆ ఒక్కరి బాధ్యత. వారానికి రెండు రోజులు రాగలిగితే చాలు, కానీ ఆ రెండు రోజులు తప్పకూడదు. పది ముగిసేదాకా ఉంటానని మాట ఇవ్వలేనివాళ్ళు వేరే పని చేయొచ్చు. ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయాలి, బొరుగులు, శనగలు సర్దాలి, హాలు తాళం చూసుకోవాలి. ఆ ఇళ్ళల్లో పిల్లలు ఇప్పటికే చాలామంది వెళ్ళిపోవడం చూశారు. ఇంకొకరు చెప్పకుండా వెళ్ళిపోతే వాళ్ళకు లెక్కల కన్నా అదే ఎక్కువ గుర్తుంటుంది.

పల్నాడు_బడి

నేను పల్నాడు జిల్లాలో పనిచేస్తున్న గవర్నమెంటు టీచర్ని. ఇక్కడ జనవరి నుంచి మిరపకోతలు. మార్చిలో పరీక్షలు. ఆ రెండూ ఒకేసారి రావడం మా పిల్లల అసలు సమస్య. పెద్ద పిల్లలు కోతకు వెళ్తారు. చిన్నవాళ్ళను చూసుకోవడానికి ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోతారు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే కోతలకు మా ఊళ్ళకు వస్తాయి, వాళ్ళ పిల్లల బడి అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి మీ ట్యూషన్ సిలబస్ డిసెంబరుకల్లా ముగించేలా ప్లాన్ చేయండి. జనవరి, ఫిబ్రవరిలో కొత్త పాఠం పెట్టొద్దు. కోతకు వెళ్ళొచ్చిన పిల్లవాడు రాత్రి ఎనిమిదికి వస్తే అప్పుడు కూడా తలుపు తెరిచి ఉండాలి. ఒంటి మీద కారం ఘాటు, చేతులు మండుతుంటాయి, పెన్ను పట్టుకోలేరు. ఆ రోజు నోటితో చదివించండి చాలు. వలస వెళ్ళే కుటుంబాల పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు పెడతారు. మీ మండల విద్యాశాఖ అధికారిని ముందే కలిసి అడగండి. చివరి నిమిషంలో అడిగితే కష్టం.

ఇంకో మాట. బడి టీచర్లతో పోటీ పడకండి. నెలకోసారి వచ్చి హెడ్‌మాస్టరు గారిని కలవండి. ఎవరు బడికి రావడం లేదో మా దగ్గర తెలుస్తుంది, ఎందుకు రావడం లేదో మీకు తెలుస్తుంది.

స్టాఫ్_నర్స్ (హైదరాబాద్)

నేను అలా చర్చి ట్యూషన్లో చదువుకున్న అమ్మాయినే. మేం హిందువులం. ఇప్పటికీ హిందువునే. మా నాన్న తాగేవాడు. మా ఇల్లు ఒకే గది, రాత్రి పదకొండు దాకా టీవీ, గొడవ. చర్చి హాల్లో నాకు దొరికింది ముందుగా వెలుతురు, ఒక బల్ల, ఎవరూ అరవని రెండు గంటలు.

మా అక్క అని పిలిచేదాన్ని ఒకావిడను. ఆవిడ నాకు బయాలజీ చెప్పింది. పది అయ్యాక మా వాళ్ళు మేనమామతో పెళ్ళి అన్నప్పుడు వచ్చి మా అమ్మతో గంటలు గంటలు మాట్లాడింది. చట్టం పేరు చెప్పి బెదిరించలేదు. బైపీసీ చదివితే నర్సింగ్ ఉందని, ఉద్యోగం వస్తుందని, ఆ జీతంతో ఇల్లు ఎలా నడుస్తుందో లెక్క వేసి చూపించింది. మా అమ్మకు ఆ లెక్క అర్థమైంది. నేను బొట్టు పెట్టుకునే వెళ్ళేదాన్ని, ఎవరూ ఏమీ అనలేదు. పరీక్షల ముందు నా కోసం ప్రార్థన చేయమని నేనే అడిగాను. అది నా ఇష్టం.

మీ అందరినీ ఒక్కటే అడుగుతున్నాను. పది పాసయ్యాక వదిలేయకండి. ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పేవాళ్ళు మాలాంటి ఇళ్ళల్లో ఉండరు. ఊరి ఫ్రెండ్ ఏ కాలేజీలో చేరితే అక్కడే చేరతారు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉందని, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారని, గవర్నమెంటు బడి పిల్లలకు అక్కడ అదనపు వెయిటేజీ ఉందని తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి. ఫలితాలు వచ్చాక చెబితే ఆలస్యం.

సంఘ_పెద్ద (బాపట్ల)

అమ్మా, నీ మాటలు రెండుసార్లు చదివాను. దేవుడు నిన్ను దీవించును గాక. ఒంగోలు సోదరి చెప్పిన క్లౌ దొరగారి సంగతి కూడా మా కమిటీలో చెబుతాను. చివరలో ప్రార్థన, ఇష్టమైనవారికి, అనే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. అయితే ట్యూషన్ చెప్పే యూత్ మాత్రం ముందుగా వచ్చి కలిసి ప్రార్థించుకుని మొదలుపెట్టాలి. అది మన కోసం.

ఒంగోలు_అక్క

తప్పకుండా అయ్యగారూ. మేమూ అలాగే చేస్తాం.

వకీలు_తమ్ముడు (రాజమండ్రి)

చట్టం వైపు కొన్ని విషయాలు చెప్పాలి. ఇవి యూత్ మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు.

పిల్లల భద్రత ముందు. ఒక పెద్ద, ఒక పిల్ల తలుపు వేసిన గదిలో ఉండకూడదు, వాళ్ళు ఎంత నమ్మకస్తులైనా సరే, పాస్టర్ గారి కొడుకైనా సరే. ఆడపిల్లలకు అక్కలే మెంటర్లుగా ఉండాలి. రాత్రి పూట విడిగా వాట్సాప్ మెసేజ్‌లు వద్దు. ఏదైనా చెప్పాలంటే అమ్మానాన్నలు కూడా ఉన్న గ్రూపులో చెప్పండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. "సంఘం పరువు, లోపల సర్దుకుందాం" అనే మాట అక్కడ చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్లలే ఫోన్ చేసుకోవచ్చు.

రెండోది ఫోటోలు. ప్రార్థన చేస్తున్న పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో "ఇంతమంది పేద పిల్లలు" అని పెట్టకండి. పేద పిల్లలు అనిపించుకోవడం ఏ పదిహేనేళ్ళ పిల్లకూ ఇష్టం ఉండదు. అదీగాక దీనికి ఇంకో పక్క ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన దగ్గర బీసీ-సి, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఒకే తాత మనవళ్ళు ఇద్దరికి రెండు రకాల సర్టిఫికెట్లు, రెండు రకాల అవకాశాలు. ఇది అన్యాయమని నేను నమ్ముతాను, ఎన్నో ఏళ్ళుగా మనవాళ్ళు పోరాడుతున్నారు. కానీ అది తేలేదాకా ఒక పిల్లవాడి మతం ఏమిటో మీరు ఫోటోతో ఊరంతా ప్రకటించడానికి మీకు హక్కు లేదు. అప్లికేషన్లు నింపడంలో సాయం చేసేటప్పుడు కూడా మతం, కులం కాలమ్ యూత్ నింపకూడదు. తల్లిదండ్రులు చెప్పాలి, వాళ్ళే సంతకం చేయాలి.

డల్లాస్_తెలుగు

మాది తెనాలి, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాం. మా తెలుగు ఫెలోషిప్ నుంచి డబ్బు పంపాలని ఉంది. వారానికి ఒక గంట ఆన్‌లైన్లో ఇంగ్లీషు మాట్లాడించడానికి మా పిల్లలు కూడా సిద్ధంగా ఉన్నారు. ఎలా?

వకీలు_తమ్ముడు (రాజమండ్రి)

అన్నా, డబ్బు విషయం జాగ్రత్త. మీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అక్కడి ఫెలోషిప్ పేరు మీద పంపినా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం అది తీసుకోకూడదు. పాస్టర్ గారి సొంత ఖాతాలో వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి, ఆయన్ని ఇబ్బందిలో పెట్టినవాళ్ళవుతారు.

ఆన్‌లైన్ గంట మాత్రం మంచిదే. హాల్లో ఒక పెద్ద స్క్రీన్ మీద, ఇక్కడి అక్కో అన్నో పక్కన ఉండగా పెట్టండి. పిల్లల ఫోన్ నంబర్లు అక్కడికి ఇవ్వొద్దు.

పేట_యూత్ (గుంటూరు)

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఒంగోలు అక్క రాసింది ప్రింట్ తీసి మా పెద్దలకు ఇచ్చాను. ఒకాయన ఇంకా ఆలోచిస్తానన్నారు. మిగతావాళ్ళు నియమం వద్దన్నారు. మాస్టారు చెప్పిన నాలుగు ప్రశ్నలు నిన్న అడిగాం. మైనస్ పది అన్నవాళ్ళే ఎక్కువ. సోమవారం నుంచి ఎనిమిది, తొమ్మిదికి ఎక్కాలు, భిన్నాలు మొదలు. ముగ్గురు పిల్లలకు ఒకరు అనే లెక్కన చూస్తే మాకు మెంటర్లు చాలరు. పిల్లలను తగ్గించడమా, సంఘంలో పెళ్ళైన అక్కలను కూడా అడగడమా అని చూస్తున్నాం. అక్కలను అడగడమే మంచిదనిపిస్తోంది.

ఇంకొక్క ప్రశ్న. పదిహేనేళ్ళ అబ్బాయి ఒకడు తొమ్మిది సగంలో మానేసి బైక్ మెకానిక్ షెడ్‌లో చేరాడు. నాన్న లేడు. బడికి రమ్మంటే చిన్నపిల్లల పక్కన కూర్చోలేను అంటాడు. ట్యూషన్ దగ్గరికి మాత్రం రాత్రి వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. వాడికి ఏదైనా దారి ఉందా?

పల్నాడు_బడి

ఉంది. ఓపెన్ స్కూల్, అంటే రోజూ బడికి వెళ్ళకుండా పది రాసే పద్ధతి. పద్నాలుగేళ్ళు నిండితే నేరుగా పదికి కట్టవచ్చు. అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒకేసారి పాస్ కావాల్సిన పని లేదు, పాసైనవి అలాగే ఉంటాయి, మిగతావి తర్వాత రాయవచ్చు. సర్టిఫికెట్ రెగ్యులర్ పదితో సమానం. దానితో ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌కు కూడా వెళ్ళొచ్చు, వాడికి చేతిలో పని ఎలాగూ ఉంది. మీ దగ్గర ఏ హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందో మండల విద్యాశాఖ ఆఫీసులో చెబుతారు. ఆధార్, పుట్టిన తేదీ రుజువు, చదివిన బడి నుంచి రికార్డు షీటు తీసుకెళ్ళండి. షెడ్ యజమానితో కూడా మాట్లాడండి. క్లాసుల రోజు, పరీక్షల రోజు వదలాలి కదా.

పేట_యూత్ (గుంటూరు)

షెడ్ యజమాని మా వీధే. శనివారం వెళ్ళి మాట్లాడతాను. రికార్డు షీటు కోసం వాళ్ళ అమ్మను తీసుకుని బడికి వెళ్తాం.

లెక్కల_మాస్టారు (తెనాలి)

ఓపెన్ స్కూల్ లెక్కల పుస్తకం నా దగ్గర ఒకటి ఉంది బాబూ. తెనాలి నుంచి గుంటూరు ఎంత దూరం, నేనే వస్తాను. ఆ అబ్బాయి ఏ వేళకు వస్తాడో చెప్పు.